పూచీకి పెట్టిన ఇల్లు

పదకొండో భాగం

హెష్మత్ తన తోలు పెట్టెలోని కాగితాలన్నీ తివాచీ మీద గుమ్మరించి ఒక్కొక్కటే విప్పి చూశాడు. పెళ్లాం తూరాన్ దస్తావేజు ఉండాల్సిన నీలం సంచిలో కుట్టుపని పాఠాల పుస్తకం ఒకటి బయటపడింది. సరిగ్గా దస్తావేజు కొలతకి కత్తిరించి మరీ పెట్టారు.

"ఇదేంటి?" అన్నాడు.

తూరాన్ తలెత్తలేదు. ఆమె ముందు దుప్పటి మీద కొత్తిమీర, మెంతికూర, ఉల్లికాడలు కుప్పపోసి ఉన్నాయి. నెలకో శుక్రవారం ఆరుగురు ఆడవాళ్లు ఎవరి కత్తి వాళ్లు తెచ్చుకుని ఈ ఇంటికొచ్చి ఆకుకూరలు బాగుచేసుకుంటారు. మూడేళ్లుగా ఆ కత్తుల చప్పుడు చాటున ఏ మాటలు నడుస్తున్నాయో హెష్మత్‌కి తెలియదు. ఇవాళ పదిన్నరైనా ఆ ఆరుగురిలో ఒక్కరూ రాలేదు. అందరినీ కూడగట్టే షుకూఫే ఫోను ఎత్తడం లేదు.

"నిన్నే అడుగుతున్నా. నీ కత్తెర పని నాకు తెలీదా? ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకి కుట్టు నేర్పావు. అంచు ఎక్కడా వంకర పోలేదు."

"మెచ్చుకుంటున్నావా?"

"ఎల్లుండి బిల్డర్‌తో సంతకాలు. రెండు దస్తావేజులూ తెమ్మన్నాడు. నా మూడు పాళ్లది ఇదిగో ఉంది. నీ మూడు పాళ్లది ఏది?"

ఆరు పాళ్ల ఇంట్లో మూడు పాళ్లు పెళ్లినాడు వరుడు వధువుకివ్వాల్సిన మెహ్ర్ కింద పెళ్లాం పేర రాసిన మనిషి హెష్మత్. అప్పట్లో హమదాన్‌లో తోలు పని చేసే కుర్రాళ్లెవరూ అంత రాయలేదు. ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పుని ఆయన నలభై ఏళ్లుగా పొదుపుగా వాడుకుంటూనే ఉన్నాడు.

"కోర్టులో ఉంది," అంది తూరాన్.

గోడవార కూర్చుని మెంతికూర తుంచుతున్న అఖ్తర్ చేతులు ఆగాయి. ఆమె హెష్మత్‌కి అక్క. పక్క సందులోనే ఉంటుంది. అరవై ఎనిమిదేళ్లొచ్చినా తమ్ముడి ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో తమ్ముడి కంటే ఆమెకే బాగా తెలుసు. తల నుంచి కాళ్ల దాకా కప్పే నల్ల చాదర్ లేకుండా ఆమె గడప దాటగా చూసినవాళ్లు లేరు.

"ఏ కోర్టులో? ఎందుకు?" హెష్మత్ గొంతు ఇంకా పెరగలేదు.

"రాహెలేకి జామీను. నెలన్నరైంది."

"ఏ రాహెలే?"

"ఆ రోజు కొమాజ్ రొట్టెల పెట్టె పట్టుకొచ్చిందే, ఆ అమ్మాయి."

"నీ పాత శిష్యురాలన్నావు."

"నేను కుట్టు నేర్పిన పిల్ల కాదు. చిన్నపిల్లల బడిలో టీచరు. తల మీద గుడ్డ లేకుండా బస్సెక్కిందని పట్టుకెళ్లారు. జరిమానాతో పోయేదే. కానీ ఇలా పట్టుబడ్డ పిల్లలకి లాయర్లని ఎవరు పెడుతున్నారు, జామీను ఎవరిస్తున్నారు, పేర్లు చెప్పమన్నారు. పద్దెనిమిది రోజులు లోపలుంచారు. ఒక్క పేరూ చెప్పలేదు."

"చెప్పి ఉంటే?"

"మొదటి పేరు షుకూఫేది, రెండోది నాది."

హెష్మత్ చేతిలోంచి కుట్టు పుస్తకం కింద పడింది. అది తీయడానికి ఆయన వంగలేదు.

తూరాన్ ఇక దాచలేదు. దాచడానికి ఏం మిగిలిందని? షుకూఫే ముప్పై ఐదేళ్లు మంత్రసాని. ఈ పేటలో సగం మంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. రిటైరయ్యాక అవే గడపలు మళ్లీ ఎక్కింది. చందాలడగలేదు. 'నీ బిడ్డని నేను భూమ్మీదికి తెచ్చాను, ఇప్పుడు ఇంకో తల్లి బిడ్డ కోసం నీ మెహ్ర్ దస్తావేజు ఇవ్వు' అంది. ఆడదాని పేర ఇల్లంటూ ఉంటే అది మెహ్ర్ వల్లే. ఎక్కడెక్కడి పెళ్లినాటి కాగితాలో బీరువాల్లోంచి లేచి కోర్టు మెట్లెక్కాయి. ఇప్పటికి పద్నాలుగు. దుప్పటి చుట్టూ కూర్చుని ఉల్లికాడలు తరుగుతూనే ఎవరికి ఎవరు పూచీ పడాలో తేల్చుకునేవారు. పద్నాలుగోది తూరాన్‌ది.

"నన్నడగాలని అనిపించలేదా?"

"అడిగితే వద్దనేవాడివి."

"అంటాను మరి. అది మన ఇల్లు."

"నా మూడు పాళ్లే పెట్టాను. నీ వంటింటి వైపు నీకు భద్రంగానే ఉంది."

"వేళాకోళమా? ఆ పిల్ల రేపు కోర్టుకి రాకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. నెల గడువిస్తారు. ఆలోగా అప్పజెప్పకపోతే నా పాళ్లు వేలం."

"సగం ఇల్లు వేలం వేస్తే మిగతా సగం ఎవడు కొంటాడు? ఏ బిల్డర్ వస్తాడు? ఈ వయసులో మనం ఎక్కడికి పోతాం?"

"తమ్ముడూ," అంది అఖ్తర్, ఆకులోంచి గడ్డి ఏరి పక్కన పెడుతూ, "ఆ పిల్ల వచ్చినరోజు నేనూ ఉన్నాను. నువ్వు గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏమన్నావో గుర్తుందా? 'ఈ ఇల్లు నీదే అనుకో అమ్మా' అన్నావు."

"అది మర్యాదకన్న మాట అక్కా. ఎవరైనా అంటారు. షాపులో వాడు కూడా డబ్బులొద్దంటాడు, మనం ఇవ్వకుండా వస్తామా?"

"అప్పటికే ఇచ్చేసిన ఇంటిని మళ్లీ నోటితో ఇచ్చావు. నీ పెళ్లాం టీ గ్లాసు ఎందుకు ఒలకబోసుకుందో నాకిప్పుడు అర్థమైంది."

అప్పుడే గేటు తట్టారు.

వచ్చింది రాహెలే. ఇరవై నాలుగేళ్లుంటాయి. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. కోటు టోపీ తల మీదికి లాక్కుని ఉంది గానీ, లోపలికి రాగానే తీసేసింది. కాళ్లకి కొండలెక్కే బూట్లు. తూరాన్ ముందు ఆ బూట్లనే చూసింది. చూసి, చూడనట్టు కళ్లు తిప్పుకుంది.

గేటు తీయడానికి వెళ్లిన హెష్మత్ వెంటనే లోపలికి రాలేదు. సందు మొదట్లోకి కాసేపు చూసి వచ్చాడు. "తెల్ల కారొకటి ఆగి ఉంది. ఇద్దరున్నారు. మన వీధి వాళ్లు కాదు."

"బస్టాండు నుంచీ నా వెనకే వస్తున్నారు," అంది రాహెలే మామూలుగా. నెలన్నరగా అలవాటైపోయిన మాట అది.

ఎవరూ కూర్చోమనకుండానే ఆ అమ్మాయి దుప్పటి అంచున కూర్చుంది. ఒక కత్తి తీసుకుని కొత్తిమీర కాడలు కోయడం మొదలెట్టింది. నాలుగు కట్టలయ్యాక చెప్పింది.

"షుకూఫే ఖానుమ్‌ని తెల్లారగట్ల తీసుకెళ్లారు. ఇంకో ఇద్దరిని కూడా. అందుకే ఎవరూ రాలేదు."

తూరాన్ వేలు తెగింది. చిన్న గాటే. నోట్లో పెట్టుకుంది.

"లాయరు ఫోన్ చేశాడు. నా కేసు మార్చారట. తల మీద గుడ్డ సంగతి పోయింది, రహస్యంగా సంఘం కట్టామని రాశారు. రేపు నేను లోపలికి వెళ్తే బయటికి రావడం ఉండదన్నాడు. ఏడేళ్లో, పదేళ్లో."

"ఏడేళ్లు," అంది అఖ్తర్ ఎవరితోనూ కాకుండా.

హెష్మత్ గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. భయపడ్డ మనిషి అంతే. భయపడ్డ మంచివాడి కంటే ప్రమాదం ఇంకోటి లేదన్న సంగతి తూరాన్‌కి ఆ క్షణంలో ఆయన మొహం చూసి తెలిసింది.

"అమ్మా," అన్నాడు చాలా మెత్తగా, "రేపు పొద్దున నేనే నిన్ను కార్లో కోర్టుకి తీసుకెళ్తా. రాత్రికి ఇక్కడే పడుకో. భోజనం చెయ్యి, విశ్రాంతి తీసుకో. బయట వాళ్లున్నారుగా, ఒక్కదానివే తిరగడం మంచిది కాదు."

"మీకు శ్రమ ఎందుకు హెష్మత్ ఆఖా."

"శ్రమేముంది. నీ ఇల్లే అనుకో."

అలవాటు కొద్దీ వచ్చేసిందా మాట. అన్నాక ఆయనకే నాలుక కరుచుకోవాలనిపించింది. అఖ్తర్ మొహం తిప్పుకుంది.

మేకుకి వేలాడే రెండు తాళంచెవులూ తీసి ఆయన జేబులో వేసుకున్నాడు. "రొట్టెలు తెస్తా. గేటుకి బయట తాళం వేసి వెళ్తాను. రోజులు బాగాలేవు. అక్కా, నువ్వు ఇక్కడే ఉండు. చూస్తూ ఉండు."

"ఏం చూస్తూ ఉండాలి?"

"అదే. చూస్తూ ఉండు."

తూరాన్ ఆయన వెనకాలే వాకిట్లోకి నడిచింది. నీళ్ల తొట్టి దగ్గర ఆపింది.

"తాళంచెవి ఇవ్వు హెష్మత్."

"అరగంటలో వస్తా."

"ఆ పిల్లని లోపలుంచి తాళం వేస్తే, ఆ జైలుకీ మన ఇంటికీ తేడా ఏముంది?"

"మన ఇంట్లో భోజనం పెడతాం," అన్నాడు. ఆ మాట తనకే సిగ్గనిపించి ఆమె వంక చూడకుండా వెళ్లిపోయాడు. ఇనుప గేటు మూసుకుంది. తాళం పడిన చప్పుడు ముగ్గురు ఆడవాళ్లకీ వినపడింది.

తూరాన్ లోపలికొచ్చి కూర్చుంది. సగం తరిగిన ఉల్లికాడల కట్ట మళ్లీ అందుకుంది.

"నువ్వు కోర్టుకి వెళ్లాలని రాలేదు," అంది చివరికి.

"లేదు."

"ఎటు?"

"పడమటి కొండల్లోకి. మూడు గంటలకి ఒక ట్రక్కు బయల్దేరుతుంది. ఊరి బయట ఎక్కించుకుంటాడు."

"మరి ఇక్కడికెందుకొచ్చావు? అలా వెళ్లిపోతే సరిపోయేది. నాకు తెలిసేదే కాదు."

రాహెలే కత్తి కింద పెట్టింది. "మీ ఇంటిని దొంగలా తీసుకుపోలేను తూరాన్ ఖానుమ్. మీరు వద్దంటే వెళ్లను. ఇక్కడే కూర్చుంటా. రేపు హెష్మత్ ఆఖాతో కోర్టుకి వెళ్తా. నిజంగానే చెప్తున్నా, ఇది మర్యాదకంటున్న మాట కాదు."

తూరాన్‌కి ఆ పిల్ల మీద ఒళ్లు మండింది. చెప్పకుండా పోయి ఉంటే తిట్టుకుని, ఏడ్చి, మోసపోయానని నలుగురికీ చెప్పుకునేది. ఇప్పుడా వీలు కూడా లేదు. వెళ్లమంటే తన నోటితో తన ఇంటిని పారేసుకోవాలి. ఉండమంటే తన నోటితో ఒక పిల్లకి ఏడేళ్లు వెయ్యాలి. కిటికీ కింద కుట్టు మిషను ఉంది. కొడుకు ఎత్తు కొలిచిన గీతలు తలుపు చట్రం మీద ఇంకా ఉన్నాయి. పెళ్లయి వచ్చిన రోజు వాకిట్లో నాటిన వాల్‌నట్ చెట్టు ఆకులన్నీ రాల్చి నిలబడింది. ఇవన్నీ తనవే. ఈ ఇల్లంటే తనకి ప్రాణం. కాదని ఎవరితోనూ అబద్ధమాడదు.

"అఖ్తర్ ఖానుమ్, మీరేమంటారు?" అని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. తిట్టించుకుంటే తేలికవుతుందనుకుందేమో.

అఖ్తర్ మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచింది.

"నేను తొమ్మిదో ఏట చాదర్ వేసుకున్నాను. ఎవరూ కొట్టి వేయించలేదు. దీన్ని తీసేయమంటే ఇప్పుడూ తీయను," అంది. "మా అమ్మకి పదహారేళ్లప్పుడు ఆనాటి రాజుగారి పోలీసులు నడిబజార్లో ఆవిడ చాదర్ లాగి చింపేశారు. అప్పటి చట్టం అది. మా అమ్మ ఐదేళ్లు వీధి మొహం చూడలేదు. స్నానాలకి కూడా డాబాల మీంచి డాబాల మీదికి దాటుకుంటూ పోయేది. అప్పుడు ఉందని లాగారు, ఇప్పుడు లేదని కొడుతున్నారు. ఆడదాని తల అంటే ఎవడు గద్దెనెక్కితే వాడు సంతకం పెట్టుకునే కాగితమైపోయింది."

కొళాయి దగ్గరికెళ్లి నమాజుకి చేతులు కడుక్కుంది. తిరిగొచ్చి, తన నల్ల చాదర్ తలుపు పక్క మేకుకి తగిలించి, నమాజుకని తూరాన్ ఇంట్లో ఉంచుకున్న పూల తెల్ల చాదర్ కప్పుకుంది.

"నా నమాజు ఇవాళ ఆలస్యమవుతుంది. తప్పిపోయిన పాత నమాజుల బాకీలు కూడా చదువుకోవాలి. నల్లది అక్కడ మేకుకుంది, సాయంత్రం దాకా నాకు దాంతో పనిలేదు. కొంగున ముడి ఉంటుంది, జాగ్రత్త. ఈ ఇంటి తాళంచెవి మీరు మషద్ యాత్రకెళ్లినప్పుడు నాకిచ్చింది, తిరిగివ్వడం మర్చిపోయాను."

అని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికేసుకుంది.

రాహెలే లేవలేదు. తూరాన్ నోటి నుంచి మాట రావాలి. ఆ అమ్మాయి కళ్లల్లో బతిమాలడం లేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది.

"లే," అంది తూరాన్.

"తూరాన్ ఖానుమ్..."

"లే తల్లీ. నేను మనసు మార్చుకునేలోగా లే."

మేకు మీది చాదర్ తీసి తనే కప్పింది. అఖ్తర్‌లా ఎడమ పక్క కొంచెం కిందికి జార్చి, అంచు పంటికింద పట్టుకోవడం చూపించింది. నడుం వంచమంది. "ఆవిడకి కుడి మోకాలు నొప్పి. కారు దాటేదాకా ఆగి ఆగి నడువు." తరిగిన ఆకుకూర మూట కట్టి చేతికిచ్చింది.

చాదర్ కొంగు ముడిలోని తాళంచెవి తీసి, గేటు పలకలోని చిన్న తలుపు తెరిచి, బయటి తాళంలోకి చెయ్యి పోనిచ్చి తిప్పింది. రాహెలే ఒక్కసారి ఆమె భుజం మీద మొహం ఆనించి వెళ్లిపోయింది. ఒక్క అడుగు, ఒక ఆగడం. మళ్లీ ఒక అడుగు. తెల్ల కారు పక్క నుంచి ఆ నల్లటి ముద్ద మెల్లగా మలుపు తిరిగింది.

తూరాన్ రాగి గిన్నెతో తొట్టిలో నీళ్లు ముంచి గడప బయటి రాయి మీద పోసింది. ప్రయాణమైన వాళ్ల వెనక నీళ్లు పోస్తే క్షేమంగా తిరిగొస్తారంటారు. తన తల్లి పోసేది, తనూ కొడుకు సైన్యానికి వెళ్లినప్పుడు పోసింది. చేతులు వాటంతటవే పోసేశాయి. పోశాకే తాను చేసిన తెలివితక్కువ పని తట్టింది. నెల రోజులుగా ఊళ్లో చినుకు లేదు. సందులో రాళ్లన్నీ పొడిగా తెల్లగా ఉన్నాయి. తన గడప ఒక్కటే నల్లగా తడిసి ఉంది.

తాళం మళ్లీ వేసి లోపలికొచ్చేసరికి ఇంకో తాళంచెవి చప్పుడు.

హెష్మత్ చేతిలో నాలుగు సంగక్ రొట్టెలు ఆవిర్లు కక్కుతున్నాయి. నలుగురికీ నాలుగు. లోపల అడుగుపెట్టబోయి ఆగి కిందికి చూశాడు. తర్వాత తూరాన్ చేతిలోని రాగి గిన్నె చూశాడు.

"కోర్టు రేపు కదా," అన్నాడు.

తూరాన్ గిన్నెని తొట్టి గట్టు మీద పెట్టింది.

"ఇవాళ ఎవరికి పోశావు నీళ్లు?"

"తెలిసి ఎందుకడుగుతావు?"

ఆయన తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. రొట్టెలు ఒళ్లో పెట్టుకున్నాడు, కాలుతున్నాయన్న స్పృహ లేదు. అరుస్తాడనుకుంది తూరాన్. అరవలేదు.

"ఇల్లు పోయింది," అన్నాడు.

"నా మూడు పాళ్లు పోయాయి."

"ఇల్లు పోయింది తూరాన్. అది సరే. అదొక్కటే అయితే నీతో నెలంతా పోట్లాడేవాణ్ని." గొంతు తగ్గించాడు. "కార్లో వాళ్లు నన్ను ఆపారు. ఆ అమ్మాయి మీ ఇంట్లోనే ఉందా అని అడిగారు. ఉంది, తాళం వేసి వచ్చాను, రేపు నేనే తీసుకొస్తాను అన్నాను. నమ్మకం కుదరాలని తాళంచెవి కూడా చూపించాను."

తూరాన్ గేటు వైపు చూసింది.

"ఇప్పుడే చాదర్ వేసుకుని ఒకావిడ వెళ్లింది, ఎవరని అడిగారు. మా అక్క అన్నాను. నిజంగా అక్కే అనుకున్నాను." ఆయన కళ్లు ముసలివాడి కళ్లలా ఉన్నాయి. "సరే, ఆ పిల్లని ఒక్కసారి కంటితో చూసి వెళ్తాం, మీరు పదండి, ఈ టీ ముగించి వస్తామన్నారు. నేను ఏమన్నానో తెలుసా? దయచేయండి, మీ ఇల్లే అనుకోండి అన్నాను."

లోపలి గది తలుపు తెరుచుకుంది. పూల తెల్ల చాదర్‌లో అఖ్తర్ నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"అయితే నేను వెళ్లిపోయానన్నమాట," అంది. "అరవై ఎనిమిదేళ్లొచ్చాక బియ్యం గదిలో దాక్కోవాలా?"

"దాక్కో అక్కా," అన్నాడు హెష్మత్.

ఆమె ఒక్క క్షణం తమ్ముణ్ని తేరిపార చూసింది. తర్వాత మోకాలు పట్టుకుని, ఆగి ఆగి నడుచుకుంటూ వంటింటి వెనక్కి వెళ్లింది.

సందులో కారు తలుపు ఒకటి మూసుకుంది. కొంచెం ఆగి రెండోది.

హెష్మత్ రొట్టెలు తూరాన్ చేతుల్లో పెట్టి లేచాడు. తొట్టి పక్కనున్న బకెట్ ముంచి గడప మీద గుమ్మరించాడు. మళ్లీ ముంచి ఇంకోటి. చీపురు తీసుకుని గడపా, బయటి రాయీ, సందు సగం దాకా కడగడం మొదలెట్టాడు. తోలు శుభ్రం చేసిన చేతులు, గట్టిగా రుద్దుతున్నాయి. కాసేపటికి గిన్నెడు నీళ్లు ఎక్కడ పోసిందో తూరాన్‌కే గుర్తుపట్టడానికి వీలులేకుండా పోయింది.

"నిలబడి చూస్తావేం?" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "లోపలికెళ్లి నాలుగు టీ గ్లాసులు పెట్టు. వాళ్లకి రెండు, నాకొకటి."

"నాలుగోది?"

"అమ్మాయి నిద్రపోతోందని చెప్తాను. లేచాక తాగుతుంది."

పారుతున్న నీళ్ల అవతలి అంచు దగ్గర రెండు జతల బూట్లు వచ్చి ఆగాయి.